ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరడం లేదా? కొత్త కారులో భద్రతా లోపాన్ని పట్టుకుని సరిచేయించుకోవడం ఎలా

"కారు కొని ఏడాది కూడా కాలేదు, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతోంది. సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టి ఆర్పేసి ఇచ్చారు. వారం తిరక్కుండా మళ్లీ వెలిగింది. ఇప్పుడేం చేయాలి?" ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంది. దాని వెనకే ఇంకోటి: "ముందు భాగం నుజ్జునుజ్జయింది, ఎయిర్‌బ్యాగులు మాత్రం తెరుచుకోలేదు. బండిలో లోపమేమీ లేదని కంపెనీవాళ్లు అంటున్నారు." విడివిడిగా జవాబులు ఇచ్చే బదులు రెండింటికీ పనికొచ్చేలా ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక్క మాట గట్టిగా చెప్పాలి. కోడ్ చెరిపేయడం రిపేరు కాదు. ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ తన వైర్లనీ సెన్సార్లనీ తానే పరీక్షించుకుంటూ, తేడా కనబడగానే ఒక కోడ్ రాసుకుని లైటు వెలిగిస్తుంది. కారణం వెతక్కుండా ఆ కోడ్ చెరిపేస్తే లోపం బండిలోనే ఉండిపోతుంది, మీ దగ్గరున్న ఆధారం మాత్రం పోతుంది. అందుకే ఆధారం ముందు, రిపేరు తర్వాత అనే వరసలో అడుగులు పెట్టాను. వరస మార్చకండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- వీడియో తీయడానికి ఫోన్
- బండితో వచ్చిన ఓనర్స్ మాన్యువల్, వారంటీ బుక్, కొనుగోలు బిల్లు
- 17 అక్షరాల విన్ నంబరు (ఛాసిస్ నంబరు)
- ఇప్పటిదాకా జరిగిన సర్వీసుల జాబ్ కార్డులు (బండి ఇచ్చేటప్పుడు మీ ఫిర్యాదు రాసి సర్వీస్ సెంటర్ ఇచ్చే కాగితాలు), బిల్లులు
- ఒక నోటుబుక్, లేదా ఫోన్‌లోనే ఒక నోట్: తేదీ, కిలోమీటర్లు, ఏం జరిగింది, అంతే
- దొరికితే ఎయిర్‌బ్యాగ్ కోడ్లు చదవగల స్కానర్. లేకపోయినా పని ఆగదు.

మల్టీమీటరు మాత్రం పక్కన పెట్టేయండి. ఎయిర్‌బ్యాగ్ వైర్ల మీద మీటరు పెట్టి కొలవడం, పసుపు కనెక్టర్లు ఊడదీసి చూడటం ఇంట్లో చేసే పనులు కావు. మీటరు పంపే కొద్దిపాటి కరెంటుకే ఎయిర్‌బ్యాగ్ పేలే ప్రమాదం ఉంది. బ్యాటరీ తీసేశాక కూడా కంట్రోల్ యూనిట్‌లో కాసేపు కరెంటు నిలవ ఉంటుంది. వర్క్‌షాపు మాన్యువళ్లలో బ్యాటరీ తీశాక కొన్ని నిమిషాలు ఆగమని రాసి ఉండేది అందుకే.

1. లైటు ఏం చెబుతోందో చూడండి

బండి ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేయండి. బటన్ స్టార్ట్ కార్లలో చాలావాటికి బ్రేక్ తొక్కకుండా రెండుసార్లు బటన్ నొక్కితే ఆన్ అవుతుంది. ఆన్ చేయడానికి ముందే ఫోన్‌లో వీడియో మొదలుపెట్టి, డ్యాష్‌బోర్డు మొత్తం కనబడేలా పట్టుకోండి.

ఎయిర్‌బ్యాగ్ గుర్తు (సీట్లో కూర్చున్న మనిషి, ఎదురుగా గుండ్రటి బంతి) వెలిగి, కొద్ది సెకన్లలో ఆరిపోవాలి. అలా ఆరితే ఆ క్షణానికి యూనిట్‌కి తప్పేమీ కనబడలేదని అర్థం. ఆరకుండా వెలుగుతూనే ఉన్నా, కొట్టుకుంటున్నా, ఆరి మళ్లీ వెలిగినా లోపం ఉన్నట్టే.

ఎక్కువమంది పట్టించుకోనిది మూడో రకం: లైటు అసలు వెలగనే వెలగకపోవడం. చూసేవాళ్లకి ఏ సమస్యా లేనట్టుంటుంది కానీ ఇదే అన్నిటికన్నా చెడ్డది. హెచ్చరించాల్సిన లైటే పనిచేయడం లేదన్నమాట. ప్రమాదం జరిగిన బండికి ఎయిర్‌బ్యాగులు వేయకుండా లైటు కనెక్షన్ పీకేసి అమ్మేవాళ్లూ ఉన్నారు. కొద్దిగా వాడిన కారు కొంటుంటే ఈ ఒక్క పరీక్ష తప్పకుండా చేయండి.

ఇంకో గుర్తు ఉంటుంది: "ప్యాసింజర్ ఎయిర్‌బ్యాగ్ ఆఫ్" అని. దీన్ని హెచ్చరిక లైటుతో కలిపి చూసి కంగారు పడకండి. పక్క సీట్లో ఎవరూ లేనప్పుడో, చిన్నపిల్లలు కూర్చున్నప్పుడో, స్విచ్‌తో ఆపినప్పుడో అది వెలగడం మామూలే. పెద్దమనిషి నిటారుగా కూర్చున్నా అది "ఆఫ్" అనే చూపిస్తుంటే మాత్రం సీటులోని బరువు సెన్సార్‌ది తప్పు. అది కూడా ఫిర్యాదు చేయాల్సినదే.

*లైటు వెలుగుతుంటే బండి నడపొచ్చా?* ఇంజినూ బ్రేకులూ ఎప్పట్లాగే పనిచేస్తాయి కాబట్టి బండి నడుస్తుంది. కానీ గుద్దుకుంటే ఎయిర్‌బ్యాగులు తెరుచుకుంటాయన్న నమ్మకం లేదు. చాలా కార్లలో సీట్ బెల్టును బిగించి పట్టే ప్రీటెన్షనర్‌ని కూడా అదే యూనిట్ నడుపుతుంది, కాబట్టి దాని మీదా ఆశ పెట్టుకోలేం. దూరప్రయాణాలు మానుకోండి, ముందు సీటు ఖాళీగా ఉంచి మిగతావాళ్లని వెనక బెల్టు పెట్టించి కూర్చోబెట్టండి, నేరుగా సర్వీసుకి వెళ్లండి. లైటు వెలుగుతోంది కదా, ఎయిర్‌బ్యాగ్ ఎలాగూ పనిచేయదు అనుకుని వెనక్కి తిరిగి ఉండే పిల్లల సీటును ముందు పెట్టడం ప్రాణాంతకం. లైటు వెలిగినంత మాత్రాన ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోదని హామీ ఏమీ లేదు.

2. సర్వీసుకి వెళ్లే ముందు పది నిమిషాల పరిశీలన

రిపేరు చేయడానికి కాదు ఇది, గమనించి రాసుకోవడానికి.

*సీటు కింద.* ముందు సీట్ల కింద నుంచి పసుపు రంగు కనెక్టర్లతో వైర్లు వెళ్తాయి. సీటు ముందుకీ వెనక్కీ జరిపినప్పుడల్లా ఆ వైరు లాగబడుతుంది. వాటర్ బాటిలో గొడుగో అక్కడ ఇరుక్కున్నా, వాక్యూమ్ క్లీనర్ గొట్టం తగిలినా కనెక్టర్ వదులవుతుంది. కొత్త కార్లలో ఆగి ఆగి వెలిగే లైటుకి ఎక్కువగా కనబడే కారణాల్లో ఇదొకటి. టార్చ్ వేసి చూడండి, ఇరుక్కున్న వస్తువు ఉంటే మెల్లగా తీయండి, కనెక్టర్‌ని ముట్టుకోకండి. ఇగ్నిషన్ ఆన్‌లో పెట్టి సీటు చివరిదాకా వెనక్కి, చివరిదాకా ముందుకు జరుపుతూ లైటు ఎప్పుడు మారుతోందో వీడియో తీయండి. "సీటు వెనక్కి జరిపితే వస్తోంది" అని చెప్పగలిగితే మెకానిక్‌కి సగం పని మీరే చేసిపెట్టినట్టు.

*స్టీరింగ్.* హారన్ మోగుతోందా? స్టీరింగ్ మీది వాల్యూమ్, క్రూయిజ్ బటన్లు పనిచేస్తున్నాయా? స్టీరింగ్ ఎటు తిప్పినా కరెంటు అందేలా లోపల చుట్టచుట్టుకుని ఉండే క్లాక్ స్ప్రింగ్ అనే పలచటి రిబ్బన్ కేబుల్ ఒకటి ఉంటుంది. అది తెగితే డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్‌తో పాటు హారనో బటన్లో కూడా పోతాయి. ఎయిర్‌బ్యాగ్ లైటు, మోగని హారన్ రెండూ ఒకేసారి వచ్చాయంటే మొదట అనుమానించాల్సింది దాన్నే.

*పక్క సీటు.* సీటు మీద బరువైన బ్యాగు పెట్టినప్పుడే లైటు వస్తోందా? సీటు తడిసిందా? రెండూ సెన్సార్‌ని తికమకపెడతాయి.

*తర్వాత బిగించినవి.* సీటు పక్క అంచున "ఎయిర్‌బ్యాగ్" అని చిన్న ట్యాగ్ ఉంటే సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఆ సీటులోంచే చీల్చుకుని బయటికి రావాలి. దాని మీద బిగుతుగా కుట్టిన సీటు కవరు ఉంటే అది సరిగా రాలేదు. డ్యాష్‌బోర్డు ఎయిర్‌బ్యాగ్ మూత మీద అతికించిన ఫోన్ స్టాండులు, బొమ్మలు తెరుచుకునే క్షణంలో ముఖం మీదికి దూసుకొస్తాయి. బంపరు ముందు బిగించిన ఇనుప గార్డు దెబ్బ సెన్సార్‌కి చేరే తీరునే మార్చేస్తుంది. వీటన్నిటినీ తీసేయండి. భద్రత కోసమే అయినా, రేపు కంపెనీ "మీరు బిగించిన దానివల్లే" అని తప్పించుకునే దారి కూడా అప్పుడే మూసుకుంటుంది.

ఈ మధ్య బ్యాటరీ డౌనై జంప్ స్టార్ట్ చేశారా, కొత్త స్టీరియో పెట్టించారా, సీటు తీసి శుభ్రం చేయించారా? అవి కూడా రాసుకోండి, దాచకండి. వోల్టేజీ పడిపోయినప్పుడు కూడా కోడ్ పడుతుంది. అలాంటిది చెరిపేశాక మళ్లీ రాదు.

3. రీకాల్ ఉందేమో చూడండి

విన్ నంబరు ముందు అద్దం కింద మూలన గానీ, డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కరు మీద గానీ, రిజిస్ట్రేషన్ కాగితాల్లో గానీ ఉంటుంది. 17 అక్షరాలూ అంకెలూ కలిసి ఉంటాయి. అందులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లీషు అక్షరాలు ఎప్పుడూ ఉండవు, 1, 0 అంకెలతో కలిసిపోతాయని వాటిని వాడరు. "నంబరు తప్పు" అని వస్తే చాలాసార్లు సున్నా బదులు ఓ కొట్టినందుకే.

రీకాల్ అంటే లోపమున్న బండ్లను సరిచేయడానికి కంపెనీ వెనక్కి పిలవడం. ఆ నంబరును కంపెనీ వెబ్‌సైట్‌లోని రీకాల్ పేజీలో కొట్టండి. మీ దేశంలో ప్రభుత్వ రీకాల్ పేజీ ఉంటే అక్కడ కూడా చూడండి. అమెరికాలో ఈ పని చూసేది ఎన్‌హెచ్‌టీఎస్ఏ అనే ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ. మోడల్ పేరు పెట్టి వార్తల్లో వెతికి "మాది కాదులే" అనుకోవద్దు. రీకాల్ ఒక్కోసారి కొద్ది వారాల్లో తయారైన బండ్లకే వర్తిస్తుంది. 2023 జనవరిలో మారుతి సుజుకి ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్ కోసం 17,362 కార్లను వెనక్కి పిలిచింది. అవి 2022 డిసెంబరు 8కీ 2023 జనవరి 12కీ మధ్య తయారైనవి. అంటే బండ్ల మీద షోరూమ్ మెరుపు కూడా తగ్గకముందే. కొత్త బండి కదా ఏమవుతుంది అనే ధీమా వద్దనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

పెద్ద రీకాళ్లు చెప్పే పాఠం ఇంకొకటి ఉంది: లోపం ఉన్న ప్రతి బండిలోనూ లైటు వెలగదు. తకాటా కంపెనీ ఇన్‌ఫ్లేటర్లనే (ఎయిర్‌బ్యాగ్‌ని గ్యాస్‌తో ఉబ్బించే డబ్బాలు) తీసుకోండి. అందులో వాడిన అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికీ తేమకీ గురై పాడైపోయి, ప్రమాద సమయంలో ఇనుప డబ్బానే పేల్చి ముక్కలు మనుషుల మీదికి విసిరింది. ఒక్క అమెరికాలోనే సుమారు 6.7 కోట్ల ఇన్‌ఫ్లేటర్లను రీకాల్ చేశారు. వైర్లన్నీ సవ్యంగానే ఉండటంతో డ్యాష్‌బోర్డు మీద ఏ హెచ్చరికా రాదు. లైటు లేదని రీకాల్ వాయిదా వేయకండి.

నోటీసులో "నడపవద్దు" అని ఉంటే నడపవద్దు, బండిని లాక్కెళ్లే ఏర్పాటు చేయమని అడగండి. "ఆరుబయట, గోడలకు దూరంగా పార్క్ చేయండి" అని ఉంటే ఇంజిన్ ఆపేశాక కూడా మంటలు రావచ్చని అర్థం. 2023 సెప్టెంబరులో హ్యుందాయ్, కియా కలిసి అమెరికాలో 30 లక్షలకు పైగా బండ్లకు, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే వ్యవస్థ) భాగాల్లో మంటల ప్రమాదం ఉందని ఇదే సలహా ఇచ్చాయి.

రీకాల్ లేదని వచ్చినా అంతటితో వదిలేయకండి. జాబితాలోకి విన్ నంబర్లు విడతలుగా చేరుతుంటాయి. ఆరు నెలలకోసారి, సర్వీసుకి వెళ్లే ముందు రోజు, ఒకసారి కొట్టి చూడటం అలవాటు చేసుకోండి. ఇంకోటి కూడా అడగాలి: "ఈ సమస్య మీద డీలర్లకు కంపెనీ పంపిన సర్వీస్ బులెటిన్ ఏమైనా ఉందా?" రీకాల్‌గా ప్రకటించని చిక్కులకు కూడా కంపెనీ లోలోపల రిపేరు పద్ధతి పంపుతుంటుంది. పేరు పెట్టి అడిగితేనే వెతుకుతారు.

4. సర్వీస్ సెంటర్‌లో: జాబ్ కార్డు మీద ఏం రాయించాలి

అసలు యుద్ధం ఇక్కడే. "జనరల్ చెకప్" అని రాసి ఇస్తే, రేపు మీరు మూడుసార్లు వచ్చారని నిరూపించినా ఎయిర్‌బ్యాగ్ కోసం వచ్చారని నిరూపించలేరు. సర్వీస్ అడ్వైజర్ టైపు చేస్తుండగానే పక్కన నిలబడి ఇలా రాయించండి:

> "ఎయిర్‌బ్యాగ్ హెచ్చరిక లైటు ఫలానా తేదీ నుంచి ఆగి ఆగి వెలుగుతోంది. సీటు వెనక్కి జరిపినప్పుడు ఎక్కువగా వస్తోంది. వీడియో చూపించాను. కోడ్లు చెరపకముందు స్కాన్ రిపోర్టు కాపీ ఇవ్వాలి. దొరికిన కారణం, చేసిన పని బిల్లులో రాయాలి."

కిలోమీటర్ల రీడింగు సరిగా పడిందో లేదో చూసుకుని సంతకం పెట్టండి. కాపీ లేకుండా బయటికి రావద్దు. వాట్సాప్‌లో పంపుతామంటే అక్కడే నిలబడి వచ్చేదాకా ఆగండి.

స్కాన్ రిపోర్టులో కోడ్ నంబరు, దాని వివరణ, అది ఇప్పుడు ఉన్నదా (యాక్టివ్) పాతదా (హిస్టరీ) అని మూడూ ఉండాలి. మీరు వెళ్లే సరికి లైటు ఆరిపోయి ఉంటే "ఇప్పుడేమీ లేదండి" అంటారు. పాత కోడ్ మెమరీలో ఉంటుంది, హిస్టరీ కోడ్లు చదవమనండి. ఇందుకే వెళ్లేముందు ఇంటి దగ్గర స్కానర్‌తో కోడ్లు చెరపకూడదు, లైటు ఆరుతుందేమోనని బ్యాటరీ తీసి పెట్టకూడదు.

మీ దగ్గర చవక ఓబీడీ రీడర్ (బండికి తగిలించి కోడ్లు చదివే చిన్న స్కానర్) ఉంటే ఒక సంగతి తెలుసుకోండి: చాలావరకు అవి ఇంజిన్ కోడ్లే చదువుతాయి. ఎయిర్‌బ్యాగ్ వైపువి ఎక్కువగా "బి"తో మొదలయ్యే కోడ్లు, వాటిని చదవాలంటే ఎస్ఆర్ఎస్ (ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థ) సపోర్టు ఉన్న స్కానర్ కావాలి. చవక రీడర్‌లో "కోడ్లు లేవు" అని వస్తే ఎయిర్‌బ్యాగ్ బాగుందని కాదు.

జవాబుగా సాధారణంగా వినే మాటలు, వాటికి మీరు అడగాల్సినవి:

- *"రీసెట్ చేశాం, సరిపోయింది."* ఏ కోడ్ వచ్చింది, కారణం ఏం దొరికింది, బిల్లులో రాయండి అనండి. కారణం దొరకలేదంటే అదే మాట రాయించండి.
- *"కనెక్టర్ బిగించాం."* లోపలి పిన్నులు చూశారా? సీటు పూర్తిగా జరిపినా వైరు లాగకుండా సడలింపు ఇచ్చారా? రెండూ చేయకపోతే సీటు నాలుగుసార్లు జరిగేసరికి మళ్లీ మొదటికొస్తుంది.
- *"మా దగ్గర లైటు రాలేదు."* బండిని ఒక రాత్రి వాళ్ల దగ్గరే ఉంచి, పొద్దున చల్లటి ఇంజిన్‌తో స్టార్ట్ చేసి చూడమనండి. లేదా టెక్నీషియన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, లైటు వచ్చే దారిలోనే మీరు నడిపి చూపించండి.
- *"ఇది వారంటీలోకి రాదు."* ఏ కారణంతో రాదో రాసివ్వమనండి. రాసివ్వమనగానే చాలామంది స్వరం మారుతుంది.

5. రిపేరు నిజంగా అయిందో లేదో తేల్చుకోవడం

బండి తీసుకునేటప్పుడు మొదటి అడుగులోని ఇగ్నిషన్ పరీక్షను అక్కడే, అడ్వైజర్ ముందే చేయండి. లైటు వెలగాలి, ఆరాలి. ఈసారి వీడియోలో కిలోమీటర్లు కూడా కనబడనివ్వండి. రిపేరు తర్వాతి స్కాన్ రిపోర్టు తీసుకోండి. భాగం మార్చామంటే దాని పార్ట్ నంబరు బిల్లులో ఉందో లేదో చూడండి.

తర్వాత రెండు వారాలు మామూలుగా వాడుతూ ఇవి గమనించండి: గతుకుల రోడ్డు, స్టీరింగ్ చివరిదాకా రెండు వైపులా తిప్పడం, సీటు అటూ ఇటూ జరపడం, పక్క సీట్లో పెద్దవాళ్లు కూర్చోవడం, వాన పడిన రోజు, ఎండలో గంటల తరబడి నిలిపిన తర్వాత. క్లాక్ స్ప్రింగ్ మార్చి ఉంటే హారనూ బటన్లూ స్టీరింగ్ ఏ కోణంలో ఉన్నా పనిచేయాలి, తిప్పేటప్పుడు లోపల గీరుకున్న చప్పుడు రాకూడదు.

లైటు ఒక్కసారి తిరిగొచ్చినా అదే రోజు ఈమెయిల్ పెట్టండి. పోయినసారి జాబ్ కార్డు నంబరు అందులో రాయండి. ఒకే లోపానికి ఎన్నోసారి వచ్చారన్న లెక్క తర్వాత చాలా పనికొస్తుంది.

6. ఎయిర్‌బ్యాగ్ కాని లోపాలు

పద్ధతి అదే: వీడియో, నోటు, విన్, జాబ్ కార్డు. ఏం రాసుకోవాలన్నదే మారుతుంది.

నడుస్తుండగా ఇంజిన్ ఆగిపోవడాన్ని చిన్న విషయంగా తీసుకోకండి. జనరల్ మోటార్స్ 2014లో ఇగ్నిషన్ స్విచ్‌ల కోసం చేసిన రీకాల్ చూడండి. స్విచ్ వదులుగా ఉండటంతో, బరువైన తాళాల గుత్తి ఊగినా మోకాలు తగిలినా తాళం "ఆన్" నుంచి జారిపోయేది. ఇంజిన్ ఆగి పవర్ స్టీరింగ్ సాయం పోవడమే కాకుండా, ఎయిర్‌బ్యాగులకు కరెంటు కూడా ఆగిపోయేది. ఆ లోపం వల్ల పోయిన 124 ప్రాణాలకు పరిహార నిధి అర్హత గుర్తించింది. ఎయిర్‌బ్యాగులు ఎందుకు తెరుచుకోలేదో వాటి లోపలే వెతికితే జవాబు దొరకదు, తప్పు తాళం దగ్గరుంది. అందుకే ఇంజిన్ ఆగిన ప్రతిసారీ వేగం ఎంత, డ్యాష్‌బోర్డు మీద ఏయే లైట్లు వెలిగాయి, స్టీరింగ్ బిగుసుకుందా అన్నవి రాసుకోండి.

ముందు ఏమీ లేకుండానే బండి తనంతట తాను బ్రేకు వేస్తుంటే: వేగం, ఎండ ఏ వైపు నుంచి పడుతోంది, ముందు వంతెనో ఇనుప బోర్డో నీడో ఉందా అన్నవి రాయండి. రాడార్, కెమెరా ఉన్నచోట బురద తుడిచి చూడండి. ముందు అద్దం మార్చాక ఇది మొదలైతే కెమెరా క్యాలిబ్రేషన్ (గురి సరిచూసి సర్దడం) చేయలేదేమో అడగండి. డ్యాష్‌క్యామ్ ఉంటే క్లిప్పును అదే రోజు వేరేచోట దాచండి, పాతవాటి మీద కొత్తవి పడిపోతాయి.

ఎర్ర బ్రేకు లైటు, పెడల్ మెత్తబడి కిందికి దిగిపోవడం, పెట్రోలు వాసన, కాలిన వాసన, స్టీరింగ్ ఒక్కసారిగా బరువెక్కడం: ఇవి వస్తే బండి నడిపించి సర్వీసుకి తీసుకెళ్లొద్దు. పక్కన ఆపి రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌ని పిలవండి. పసుపు ఏబీఎస్ లైటు ఒక్కటే వస్తే మామూలు బ్రేకులు పనిచేస్తాయి కానీ గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుని జారతాయి. ముందున్న బండికి ఎక్కువ దూరం వదిలి నెమ్మదిగా నడుపుకుంటూ వెళ్లండి.

7. ప్రమాదం జరిగింది, ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు

ముందు మనుషుల సంగతి. పైకి బాగానే ఉన్నట్టున్నా ఆసుపత్రిలో చూపించుకుని కాగితాలు తీసుకోండి.

తెరుచుకోని ప్రతి ఎయిర్‌బ్యాగ్ లోపం కాదు. వెనక నుంచి గుద్దితే ముందు ఎయిర్‌బ్యాగులు తెరుచుకోవాల్సిన పని లేదు. ముందు నుంచి అయితే, బెల్టు పెట్టుకున్నవారికి గట్టి గోడను గంటకు సుమారు 25 కిలోమీటర్ల వేగంతో గుద్దినంత దెబ్బ దగ్గర తెరుచుకునేలా చాలా కార్లను తయారుచేస్తారు. నిలబడి ఉన్న కారును గుద్దితే ఆ కారు కూడా నలిగి కొంత దెబ్బ తీసుకుంటుంది కాబట్టి ఇంకా ఎక్కువ వేగం కావాలి. లారీ కిందికి దూరిపోతే బానెట్ పైభాగమే నలిగి, దెబ్బ పడిన తీరును సెన్సార్ గుర్తించకపోవచ్చు. బంపరు ఎంత ముక్కలైందన్నది కొలమానం కాదు, బండి ఎంత హఠాత్తుగా ఆగిందన్నదే కొలమానం.

ఇది మీరు తేల్చాల్సిన లెక్క మాత్రం కాదు. 2022 ఏప్రిల్‌లో భారత సుప్రీంకోర్టు, ఎయిర్‌బ్యాగులు తెరుచుకోని ఒక హ్యుందాయ్ క్రెటా కేసులో కొనుగోలుదారుకే అనుకూలంగా తీర్పిచ్చింది. వేగాలూ బలాలూ లెక్కగట్టడానికి వినియోగదారుడు భౌతికశాస్త్ర నిపుణుడు కానక్కర్లేదని కోర్టు అంది. కాబట్టి మీ పని వాదించడం కాదు, ఆధారాలు చెక్కుచెదరకుండా నిలబెట్టడం:

- బండిని రిపేరుకి గానీ స్క్రాప్‌కి గానీ ఇవ్వకండి. ఇన్సూరెన్స్ సర్వేయరుకు, గ్యారేజీకి "తనిఖీ పూర్తయ్యేదాకా ఏ భాగమూ విప్పొద్దు" అని ఈమెయిల్ పంపండి. ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే. నెల తిరిగేసరికి బండి రిపేరై తళతళలాడుతుంటుంది, చూపించడానికి ఏమీ మిగలదు.
- నాలుగు వైపుల నుంచీ, బానెట్ కింద, నలిగిన ఇనుప ఫ్రేము, సీటు బెల్టులు, డ్యాష్‌బోర్డు లైట్లు కనబడేలా ఫొటోలు తీయండి. సాగి బిరుసెక్కిన బెల్టు మీరు బెల్టు పెట్టుకున్నారనడానికి మంచి సాక్ష్యం.
- ఊరికే ఇగ్నిషన్ ఆన్, ఆఫ్ చేయకండి, బండిని స్టార్ట్ చేసి నడపకండి. చాలా కొత్త కార్లలో ఈడీఆర్ అనే రికార్డరు ఎయిర్‌బ్యాగ్ యూనిట్‌లోనే ఉంటుంది. గుద్దుకోవడానికి ముందు సెకన్ల వేగం, బ్రేకు, బెల్టు వివరాలు అందులో నిలిచి ఉంటాయి. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్న సంఘటన శాశ్వతంగా ఉండిపోతుంది కానీ, తెరుచుకోని దాని రికార్డు కొన్ని బండ్లలో వాడకం సాగేకొద్దీ చెరిగిపోతుంది.
- ఆ డేటా తీసేటప్పుడు మీరో మీ తరఫు నిపుణుడో ఉండాలని, పూర్తి రిపోర్టు కాపీ కావాలని కంపెనీకి రాయండి. "మా ఇంజినీర్లు చూశారు, లోపం లేదు" అన్న ఒక్క వాక్యం రిపోర్టు కాదు.

ఎయిర్‌బ్యాగులు తెరుచుకున్న బండిని బాగుచేయిస్తుంటే కూడా జాగ్రత్త. ఎయిర్‌బ్యాగులు ఒక్కటే మారిస్తే చాలదు, పనిచేసిన ప్రీటెన్షనర్లు, దెబ్బతిన్న సెన్సార్లు, కంపెనీ చెప్పిన ప్రకారం కంట్రోల్ యూనిట్ కూడా చూడాలి. బయట చవకగా దొరికే నకిలీ ఎయిర్‌బ్యాగులు తెరుచుకోకపోవచ్చు, లేదా ఇనుప ముక్కలై పేలొచ్చు. పార్ట్ నంబర్లున్న అసలు బిల్లు లేనిదే ఒప్పుకోకండి.

8. పై మెట్టు ఎక్కడం

డీలర్ దగ్గర తేలకపోతే కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఊరుకోవద్దు, రాతలో పంపండి. పొడవుగా రాయక్కర్లేదు, కోపం అసలే వద్దు:

> "విన్ నంబరు: … కొన్న తేదీ: … ఇప్పటి కిలోమీటర్లు: …
> ఎయిర్‌బ్యాగ్ హెచ్చరిక లైటు సమస్యకు ఫలానా తేదీల్లో బండి ఇచ్చాను. జాబ్ కార్డు నంబర్లు: … ప్రతిసారీ కోడ్ చెరిపి ఇచ్చారు, కారణం రాయలేదు. ఇది ప్రయాణికుల భద్రతకు సంబంధించిన లోపం. ఫలానా తేదీలోగా కారణం కనుక్కుని రాతపూర్వకంగా తెలియజేయాలి, అప్పటిదాకా సురక్షితమైన వేరే బండి ఏర్పాటు చేయాలి. వీడియోలు, స్కాన్ రిపోర్టులు జతచేశాను."

గడువు దాటితే మీ దేశంలో వాహన భద్రత చూసే ప్రభుత్వ సంస్థకు ఫిర్యాదు చేయండి. అమెరికాలో ఎన్‌హెచ్‌టీఎస్ఏకి ఎవరైనా నేరుగా ఫిర్యాదు చేయొచ్చు. భారత్‌లో మోటారు వాహనాల చట్టం 110ఎ సెక్షన్ కింద లోపమున్న వాహనాలను రీకాల్ చేయమని కేంద్రం ఆదేశించగలదు, నష్టపరిహారం కోసం వినియోగదారుల కమిషన్ ఉంది. ఒక్క ఫిర్యాదుతో రీకాల్ రాకపోవచ్చు. కానీ ఒకే మోడల్ మీద ఒకే రకం ఫిర్యాదులు పోగైతేనే దర్యాప్తు కదులుతుంది. మీ బండి బాగైపోయినా సరే ఫిర్యాదు నమోదు చేయండి. మీలాంటి బండే కొన్న వేరేవాళ్లకి ఆ లైటు వెలగకపోవచ్చు.

ఫిర్యాదులో "ఎయిర్‌బ్యాగ్ పనిచేయడం లేదు" అని ఒక్క ముక్కతో వదిలేయకండి. కోడ్ నంబరు, విన్, కిలోమీటర్లు, తేదీలు, డీలర్ రాసిచ్చిన మాటలు ఉన్నదున్నట్టు పెట్టండి. అందిన ఫిర్యాదు నంబరును నోటుబుక్‌లో రాసుకోండి.

రీకాల్ కింద పని జరిగితే, బిల్లు సున్నా అయినా రీకాల్ నంబరుతో జాబ్ కార్డు తీసుకోండి. కొన్ని రోజులాగి విన్ నంబరును మళ్లీ కొట్టి చూడండి. ఇంకా "పెండింగ్" అనే చూపిస్తుంటే డీలర్ పని నమోదు చేయలేదు, లేదా అసలు చేయలేదు. జాబ్ కార్డు తీసుకుని వెళ్లి, ఏ భాగం మార్చారో చూపించమనండి.